చాప మీద పడని చెయ్యి

అందరం ఒక వ్యాకరణ సూత్రం ముగించి తర్వాతి దానిలోకి అడుగుపెట్టిన క్షణంలో చాప మీద చెయ్యి పడింది. ఒకే ఒక్క దెబ్బ. పది గొంతులు ఠక్కున ఆగిపోయాయి. కొట్టింది అనసూయక్క.

ఆదివారం మధ్యాహ్నం, చిక్కడపల్లిలో టిఫిన్ సెంటర్ మీది గది. ముందు వరసలో జనార్దన్ సార్ కళ్ళు మూసుకుని వల్లిస్తున్నారు, మేము ఆయన వెనక అందుకుంటున్నాం. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగారు.

"ఏమైంది అనసూయా?"

"నడుమ ఇడిసిపెట్టి పోతున్నం సార్."

"ఏం విడిచిపెట్టాం?"

"శానా ఉన్నయ్ సార్. ఎనిమిదో, తొమ్మిదో. మా తమ్ముడు పాడినదాంట్ల ఉన్నయ్."

"మీ తమ్ముడు ఇటుకలకు కొసరు ఏసినట్టు ఏసిండేమో అక్కా," అన్నాడు మల్లేశన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె చెయ్యి పడిన చోటు నాకు తెలుసు. అక్కడ మా పాఠం ఎప్పుడూ కుంటుతుంది. ఆ కుంటుకు కారణం ఏమై ఉంటుందో ఐదేళ్ళలో మొదటిసారి నాకు తట్టింది. ఆమె తప్పు కొట్టిందేమోనని కాదు నా భయం. ఒప్పు కొట్టిందేమోనని.

పని అంటే ఇది

ముప్పై నాలుగేళ్ళకు రిటైర్ అయ్యానంటే ఎవరైనా నవ్వుతారు. మొన్న గురువారం రాజీనామా ఇచ్చాను. ఈ పనిలోకి మళ్ళీ వెళ్ళను కాబట్టి నా లెక్కలో ఇది విరమణే. తొమ్మిదేళ్ళు నారాయణగూడలో ఒక ట్రస్టు నడిపే చిన్న కేంద్రంలో పాళీ నేర్పాను. బుద్ధుడి మాటలు నిలిచిన భాష అది. సాయంత్రాలు సర్టిఫికెట్ క్లాసు, ఆదివారాలు ఈ చిక్కడపల్లి గదిలో పాత వ్యాకరణం. మా కేంద్రానికి పెద్ద జనార్దన్ సార్. రిటైరైన లెక్చరర్. నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నది ఆయనే. పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను, ఈ పనిలోకి కొత్తగా వచ్చే వాళ్ళ కోసం. కోపంగా రాస్తున్నాను. నెమ్మదిగా రాయడం ఈ రాత్రి నా వల్ల కాదు.

పాత పద్ధతిలో పాళీ వ్యాకరణం నేర్చుకోవడమంటే పుస్తకం చదవడం కాదు. వందల కొద్దీ చిన్న చిన్న సూత్రాలు వరసగా కంఠస్థం చేయాలి. ఒక్కరే చేయలేరు. అందుకే బృందం. ఒకరు మొదలుపెడతారు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఎవరి చెవికి తప్పు తగిలినా అరచేతితో చాప మీద ఒక్కసారి కొట్టాలి. దాంతో అందరూ ఆగాలి. కొట్టినవాళ్ళు ఒప్పు చెప్పాలి. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి. మా గదిలో ఇది తప్ప వేరే చట్టం లేదు. గురువును చూసి కాదు, ఆ చేతిని చూసి నేర్చుకుంటారు మనుషులు.

చేరిన కొత్తలో రోజుకు ఇరవై సార్లు కొట్టేవాళ్ళం. సార్‌ని కూడా ఆపేవాళ్ళం. తర్వాత్తర్వాత సార్ వల్లిస్తుంటే చేతులు ఒళ్ళో ఉండిపోవడం మొదలైంది. ఎవరూ చెప్పలేదు కొట్టొద్దని. కొట్టినప్పుడు ఆయన ముఖం ఎలా మారుతుందో చూసి మేమే మానేశాం. ఇది నా మొదటి తీర్పు, రాసిపెట్టుకోండి: చెయ్యి లేవని గదిలో నేర్చుకున్నదేదీ నమ్మకండి.

మా బృందంలో బ్యాంకు గుమాస్తా మల్లేశన్న ఉన్నాడు, ముషీరాబాద్ నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. ఇద్దరు పెద్దవాళ్ళు, కొందరు కాలేజీ పిల్లలు. ఇంకా అనసూయక్క. ఆమెది మహబూబ్‌నగర్ దిక్కు, మక్తల్ పక్క ఊరు. లోయర్ ట్యాంక్ బండ్ వెనక బస్తీలో ఉంటుంది. అపార్ట్‌మెంట్లు కట్టే చోట ఇటుకలు మోస్తుంది. చదవడం వచ్చు గానీ కూడబలుక్కుని చదువుతుంది. ఆమె తమ్ముడు చీవరం కట్టి, భిక్షువై నాగపూర్ దిక్కు ఒక బౌద్ధ విహారంలో ఉంటాడు. అతను సూత్రాలు వల్లించి ఫోన్లో పంపుతాడు. ఈమె ఫోను కొంగులో ముడేసుకుని, చెవిలో తీగ పెట్టుకుని, తట్ట మోస్తూ నేర్చుకుంటుంది. ఒక తట్టకు ఒక సూత్రం. కింద ఎత్తుకున్నప్పుడు వినాలి, మూడో అంతస్తులో దించేసరికి నోటికి రావాలి.

"ఇటుకలోలె మోస్తున్నవ్ కదక్కా సూత్రాలను," అన్నాడు ఒకసారి మల్లేశన్న.

"ఇటుకలైతే దింపుతనన్నా. ఇవి దిగుతలెవ్వు," అంది ఆమె.

మా అందరిలో ఆమెదే గట్టి చెవి. అది అందరికీ తెలుసు. పైకి అన్నవాళ్ళు లేరు.

పల్లిపట్టి

నా తప్పు చెప్పకుండా ఇంకొకరి తప్పు చెప్పడం నాకు ఇష్టం లేదు.

సార్‌కి వ్యాకరణం మొదటి సగమే కంఠస్థం. రెండో సగం ఆయన ఎప్పుడూ పూర్తి చేయలేదు. ఆ సంగతి మాకు చెప్పలేదు, మేము అడగలేదు. ఐదేళ్ళ కిందట ఆయన గురువుగారి ఇంటివాళ్ళు పాత చేతిరాత పుస్తకం ఒకటి రెండు రోజులకు ఇచ్చారు. దాన్ని జిరాక్సు తీయించే పని నాకు పడింది. మా అమ్మాయి మేధకు అప్పుడు మూడేళ్ళు. చంకలో పిల్ల, సంచిలో పుస్తకం, అశోక్‌నగర్‌లో జిరాక్సు షాపు. ఆ వీధిలో పోటీ పరీక్షల పిల్లలు నోట్సుల కోసం ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. గంటసేపు నిలబడ్డాను. పిల్ల ఏడుస్తుంటే పల్లిపట్టి కొనిచ్చాను. బెల్లం పాకం చేతులతో అది పుస్తకం పట్టుకుంది, లాక్కున్నాను, తుడిచాను, షాపతనికి ఇచ్చాను. రెండు ఆకులు అతుక్కున్నాయి. అతను తిప్పాడు, తీశాడు, కుట్టిచ్చాడు. పేజీలు లెక్కపెట్టుకోలేదు నేను.

ఆ పుస్తకంలో సూత్రాలకు అంకెలు లేవు. ఉంటే తప్పు నాలుగు రోజుల్లో దొరికేది. మేమూ వేసుకోలేదు. "అంకె ఊతకర్ర. వరస గొంతులో ఉండాలి," అనేవారు సార్. అచ్చు పుస్తకం చూస్తే గొంతు బద్ధకిస్తుందని దాన్ని కూడా దగ్గరికి రానిచ్చేవారు కాదు. కాబట్టి తొమ్మిది సూత్రాలు లేని పాఠాన్ని పదిమందిమి ఐదేళ్ళు గట్టిగా, శ్రద్ధగా, ఒకే గొంతుతో వల్లించాం. కలిసి వల్లిస్తే తప్పు కూడా నున్నబడుతుంది. గరుకు పోతుంది. చెవికి తగలదు.

ఆచార్యుడి మౌనం

చెవికి తగలకపోయినా అర్థానికి తగిలింది. ఈ సూత్రాల్లో ముందు చెప్పిన మాటను తర్వాత మళ్ళీ చెప్పరు. పై సూత్రంలోంచి కిందికి తెచ్చుకోవాలి. మా పాఠంలో ఒకచోట తెచ్చుకోవడానికి పైన ఏమీ లేదు. మెట్లు విరిగిన బావిలా ఉండేది ఆ చోటు. నేనే అడిగాను సార్‌ని, ఇక్కడ ఏదో తెగినట్టుంది కదా అని.

ఆయన చాలాసేపు ఆలోచించారు. "ఇక్కడ ఆచార్యుడు కావాలనే మౌనం వహించాడమ్మా. శిష్యుడు తనంతట తాను పూరించుకోవాలని," అన్నారు.

ఎంత బాగుంది! మేమందరం అంచులో రాసుకున్నాం, "ఆచార్యుడి మౌనం" అని. నేను ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. మూడేళ్ళ పాటు నా సాయంత్రం క్లాసులో దాని మీద గంటసేపు పాఠం చెప్పాను. కొందరు పిల్లలకు ఒళ్ళు పులకరించింది. నాకూ పులకరించింది.

ఆచార్యుడి మౌనం కాదది. పల్లిపట్టి పాకం.

నాకు తెలియదు అనే రెండు మాటలు ఆయన నోటికి వచ్చి ఉంటే ఆ రోజే వెతికేవాళ్ళం. ఆయన మాతో పాటే నేర్చుకుంటున్నారని ఒప్పుకుని ఉంటే మేము ఆయన్ని ఇంకా గౌరవించేవాళ్ళం. తోటి విద్యార్థిగా కూర్చోవడం ఆయనకు చిన్నతనం. ఆ చిన్నతనానికి మేమందరం కాపలా కాశాం. ఎక్కువ కాసింది నేనే.

నారాయణగూడ ఆఫీసులో

అనసూయక్క చాప కొట్టిన ఆదివారం సార్ ఆమెను మందలించి వదిలేశారు. "ఫోన్లో వచ్చేదంతా పాఠం కాదు. మన ప్రతి మన గురువుల ప్రతి," అన్నారు.

బుధవారం నేను చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళాను. చిన్నవాడు బాబీకి జ్వరం తగ్గి రెండు రోజులైంది, మా అత్తగారి దగ్గర పడుకోబెట్టి వచ్చాను. పైన అల్మారాలో అచ్చు పుస్తకం ఉంది. దించి, మా జిరాక్సు పక్కన పెట్టుకుని, వేలు పెట్టి లెక్కపెట్టాను. తొమ్మిది. అనసూయక్క చెప్పినన్నే, ఆమె చెయ్యి పడిన చోటే. చుట్టూ పోటీ పరీక్షల పిల్లలు తలలు వంచుకుని చదువుతున్నారు. నాకు మాత్రం అందరూ నన్నే చూస్తున్నట్టు చెంపలు కాలాయి. ఆ పేజీలు జిరాక్సు తీయించుకుని వచ్చాను.

శుక్రవారం నారాయణగూడ ఆఫీసులో ఆయన టేబుల్ మీద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఆయన చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకు తెలిసిపోయిందని ఆ తుడుచుకోవడంలోనే నాకు తెలిసిపోయింది.

"ఇది ఇంకెవరికైనా చూపించావా?"

"లేదు సార్."

"ఎల్లుండే కదా బస్తీ క్లాసు టీచర్‌కు పరీక్ష. ట్రస్టు పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ముందు మన కేంద్రం పరువు ఏమవుతుంది? ఐదేళ్ళుగా తప్పు చెప్పామని చెప్పుకోవాలా? పరీక్ష కానివ్వు. తర్వాత నెమ్మదిగా సవరించుకుందాం."

"మరి అనసూయక్క..."

"ఆమె మన ప్రతి ప్రకారం చెబితే ఏ ఇబ్బందీ లేదు. నువ్వు చెప్పు ఆమెకు." కాగితాలు నా వైపు జరిపి, "వచ్చే నెల నుంచి నీకు పర్మనెంటు చేయించే కాగితం కూడా పంపుతున్నాను," అన్నారు.

బెదిరింపా అది, కానుకా? ఆ రోజు తేల్చుకోలేదు. తేల్చుకోకపోవడమే నాకు సుఖంగా ఉంది. నేను భయస్తురాలిని. బాబీకి జ్వరం వస్తే పది నిమిషాలకోసారి నుదురు పట్టి చూసే రకం. మా ఆయన ప్రైవేటు ఉద్యోగం ఈ ఏడాది రెండుసార్లు ఊగింది. ఇవన్నీ నిజాలే. కానీ భయాన్ని బాధ్యత అని పిలుచుకోవడం తేలిక. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా తేలిక.

లేదు సార్

ఆ పరీక్ష అనసూయక్కకు ఏమిటో చెప్పాలి. బస్తీ హాల్లో ఆదివారం పిల్లలకు, మామూలు రోజుల్లో సాయంత్రాలు పెద్దలకు పాళీ వందనాలు, అక్షరాలు నేర్పడానికి ట్రస్టు ఒక టీచరును పెడుతోంది. రెండో సగం ఆగకుండా వల్లించినవాళ్ళకే ఆ పని. ఆమె మెడ నరాలు పట్టేశాయి. తట్ట ఇంకో ఏడాది మోస్తే చెయ్యి లేవదని డాక్టరు చెప్పాడు. "బస్తీ పోరగాళ్ళు నన్ను ఇటుకలామె అంటరు మేడం. టీచరమ్మా అని ఒక్కపాలి పిలిపించుకోవాలె," అంది నాతో, బస్టాపులో.

శనివారం ఆమెకు ఫోను చేశాను. మన ప్రతిలో ఉన్నట్టే చెప్పు అక్కా అన్నాను. ఎందుకని అడిగింది. సార్‌కి అదే ఇష్టం అన్నాను.

"సార్ ఇష్టం సంగతి నాకెర్క. ఏది సరైందో చెప్పు మేడం."

చెప్పలేదు. లైబ్రరీ కాగితం అప్పుడు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

మర్నాడు పరీక్షలో మల్లేశన్న ముందు వల్లించాడు. తడబడలేదు. ఆ చోట మా అందరిలాగే దూకేశాడు, నున్నగా. తర్వాత అనసూయక్క. ఉతికిన తెల్లచీర, వీపు నిటారుగా. గొంతు ఎత్తితే కింద టిఫిన్ సెంటర్లో గిన్నెల చప్పుడు కూడా వినిపించలేదు. ఆ చోటికి వచ్చింది. ఒక్క ఊపిరి తీసుకుంది. నన్ను చూసింది. దూకలేదు. తొమ్మిదీ మెట్లు దిగినట్టు ఒక్కొక్కటీ దిగడం మొదలుపెట్టింది.

మూడోదాని మీద సార్ చెయ్యి చాప మీద పడింది.

"ఎక్కడివివి?"

"ఉన్నయ్ సార్ ఇవి."

"ఎక్కడున్నాయి? మల్లేశ్, నీ ప్రతిలో ఉన్నాయా?"

"లేవు సార్." మల్లేశన్నకు నిజంగానే తెలియదు. వరసగా అందరినీ అడిగారు. అందరూ లేవన్నారు. అందరూ నిజమే చెప్పారు. చివరకు నా వైపు తిరిగారు. ట్రస్టు పెద్దలిద్దరూ తిరిగారు. వాళ్ళకు పాళీ ముక్క రాదు, నా నోరు చూస్తున్నారు.

"ఏమ్మా, ప్రతి తెచ్చింది నువ్వే కదా. మన ప్రతిలో ఉన్నాయా ఇవి?"

"లేవు సార్," అన్నాను.

అక్షరం అక్షరం నిజం. నా జీవితంలో ఇంతకంటే పెద్ద అబద్ధం ఆడలేదు.

నా అరచెయ్యి అప్పుడు చాప మీదే ఉంది. కొంచెం ఎత్తితే చాలు. ఎత్తలేదు. ట్రస్టు పెద్ద ఒకాయన కాగితం మీద రాసుకున్నాడు, "సొంత మాటలు కలిపింది" అని. నేను పక్కనే కూర్చున్నాను, కనబడింది. మల్లేశన్నను ఎంచుకున్నారు. వచ్చే ఆదివారం అందరి ముందు మళ్ళీ ఒకసారి వల్లించాక అతనికి ఉత్తరువు ఇస్తామన్నారు. మా దగ్గర అది ఆనవాయితీ.

మెట్ల కింద అనసూయక్క చెప్పులు వేసుకుంటోంది. ఒక చెప్పు ఉంగటం తెగింది, పిన్నీసు పెట్టుకుంటోంది. నేను వంగి సంచిలోంచి కాగితం తీసి చూపించాను. కూడబలుక్కుని మొదటి సూత్రం చదివింది. తర్వాతివి చదవాల్సిన అవసరం లేకపోయింది ఆమెకు.

"ఎప్పుడు సూసినవ్ ఇది?"

"బుధవారం."

"నిన్న ఫోన్ల మాట్లాడేటప్పుడు నీ తాన ఉండెనా?"

తల ఊపాను.

"సార్ సంగతి ఇడిసిపెట్టు. పెద్దాయన, పరువు పోతదని పరేషానైండు. నీకేం పోయేది మేడం? నేను తట్ట మోసుకుంట నేర్సిన. నువ్వు కుర్సీల కూసొని దాసిపెట్టినవ్." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "నీ పిల్లలు మంచిగుండాలె," అని చిక్కడపల్లి చౌరస్తా వైపు నడిచిపోయింది. శాపం పెట్టినా బాగుండేది.

కొత్తగా వచ్చేవాళ్ళకు

సోమవారం సార్ దగ్గరికి వెళ్ళి సవరణ రాద్దామన్నాను. "కొన్నాళ్ళు పోనీ," అన్నారు. మంగళవారం అదే మాట. బుధవారం, "నీకు ఏం తక్కువైందమ్మా?" అన్నారు. గురువారం రాజీనామా ఇచ్చాను. ధైర్యం వచ్చి కాదు. ఆయన గదిలో కూర్చుంటే నా గొంతు ఆయన గొంతులా వినబడటం మొదలైంది, అందుకు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. సూత్రాలకు అంకెలు వేసుకోండి, మీ గురువు కాదన్నా సరే. పేజీలు లెక్కపెట్టుకోండి. పాఠంలో ఎక్కడైనా కుంటినట్టుంటే, అక్కడ మీ గురువు మరీ అందమైన మాట చెప్పారంటే, అనుమానించండి. చదివి నేర్చుకున్నవాళ్ళ కంటే విని నేర్చుకున్నవాళ్ళు తక్కువనే మాట ఈ గదుల్లో ఎవరూ అనరు, అందరూ పాటిస్తారు. పాళీ నూటికి నూరుపాళ్ళు విని నిలబడ్డ భాష. నోళ్ళ మీద వచ్చింది. ఆ నోళ్ళలో ఇటుకలు మోసినవాళ్ళవి ఎన్నో మనకు తెలుసా? ఆమె చాప కొడితే నవ్వాం. అదే మాట ఏ ప్రొఫెసరో అని ఉంటే ఆ సాయంత్రమే లైబ్రరీకి పరుగెత్తేవాళ్ళం. నేను బుధవారం దాకా ఆగాను.

ఇందాక మల్లేశన్నకు ఫోను చేసి అంతా చెప్పాను. "ఇప్పుడు చెప్తవా అక్కా? ఇంట్ల స్వీట్లు గూడ పంచిన," అన్నాడు. తర్వాత, "రేపు నేను అట్లనే చదువుత. నాకు అదే వచ్చు. ఆ జాగ వచ్చినప్పుడు నీ పని నువ్వు చెయ్యి. నేనైతే ఆగుత," అన్నాడు. అనసూయక్క ఫోను ఎత్తలేదు. బస్తీకి వెళ్ళి ఆమె వాకిట్లో చెప్పొచ్చాను, రేపు రమ్మని. వస్తాననలేదు, రాననలేదు. బియ్యం చెరుగుతూనే ఉంది.

ట్రస్టు పెద్దలకు ఉత్తరం రాశాను. లైబ్రరీ కాగితం జిరాక్సు జతచేశాను. ఈసారి పేజీలు మూడుసార్లు లెక్కపెట్టాను. కానీ ఉత్తరం సరిపోదు. ఆ గదిలో జరిగిన అబద్ధాన్ని ఆ గదిలోనే, ఆ చాప మీదే ఆపాలి.

పొద్దున

ఈ నాలుగు ముక్కలు పొద్దున చేరుస్తున్నాను. మేధకు జడ వేస్తున్నాను. బాబీ పాల గ్లాసుతో ఆడుకుంటున్నాడు. రాత్రి నేను ఫోన్లో మాట్లాడింది మేధ విన్నట్టుంది. రెండో జడ వేస్తుండగా అడిగింది.

"అమ్మా, నేను పల్లిపట్టి తిన్నందుకేనా ఆ ఆంటీకి టీచర్ జాబ్ రాలేదు?"

దువ్వెన పక్కన పెట్టి దాన్ని నా వైపు తిప్పుకున్నాను.

"కాదు. నీకప్పుడు మూడేళ్ళు. పేజీలు చూసుకోవాల్సింది నేను. అది పొరపాటు. ఆంటీ ఒప్పు చెబుతున్నప్పుడు నేను లేవన్నానే, అది పొరపాటు కాదు. అది నేను కావాలని చేసింది," అన్నాను.

ఇద్దరినీ నాతో తీసుకెళ్తున్నానని చెప్పాను. అక్కడ ఒక పెద్దాయన అమ్మ మీద అరుస్తారు, భయపడొద్దని చెప్పాను. మల్లేశ్ మామ చదువుతుంటే అమ్మ చాప మీద గట్టిగా కొడుతుంది, అప్పుడు అందరూ ఆగుతారు అన్నాను.

"నువ్వు కొట్టకపోతే?" అంది మేధ.

"నువ్వు నా పక్కనే కూర్చో," అన్నాను. "నా చెయ్యి లేవకపోతే నువ్వు కొట్టు."